రాళ్లు కరుగుతాయా?

కడుపులో రాళ్లున్నాయని డాక్టరు చెప్పిన సాయంత్రానికల్లా మన ఇళ్లలో ఉలవలు నానుతాయి. మర్నాటికి అరటి దూట వస్తుంది. ఆ మర్నాడు ఎవరో బంధువు కొండపిండి ఆకు సంచీలో వేసుకుని దిగుతాడు. పెరట్లో రణపాల మొక్క ఉన్నవారు కబురు పంపుతారు. బార్లీ నీళ్ల సంగతి సరేసరి. ఇంత హడావుడిలోనూ "ఇంతకూ రాళ్లున్నది ఎక్కడండీ?" అని అడిగేవారు మాత్రం కనిపించరు. రాయి రాయే గదా, ఎక్కడుంటేనేం అని అందరి ధీమా.

తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి వైద్యం సంగతి రాయడానికి అధికారమేమిటని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఈ తిరకాసు సగం వైద్యానిది, సగం భాషది. మూత్రపిండంలో పుట్టేదాన్నీ రాయి అంటాము, పైత్యపు తిత్తిలో పుట్టేదాన్నీ రాయి అనే అంటాము. పేరు ఒకటే గనుక మందు కూడా ఒకటే అయి ఉంటుందనుకుంటాము. నిజానికి ఆ రెంటికీ ఉన్న చుట్టరికం, కంట్లో పువ్వుకూ జడలో పువ్వుకూ ఉన్న చుట్టరికంలాంటిది.

పైత్యపు తిత్తి అనేది కుడివైపు పక్కటెముకల చాటున, కాలేయాన్ని అంటిపెట్టుకుని ఉండే చిన్న సంచి. కోడిని కోసేవారు దాన్నే చేదుకట్టు అంటారు. చితికితే కూరంతా చేదవుతుందని జాగ్రత్తగా తీసి పారేస్తారు. మన కాలేయం రోజుకు ముప్పాతిక లీటరుకు అటూ ఇటూగా పైత్యరసం తయారుచేస్తుంది. అందులో కొంత ఈ తిత్తిలో చేరి చిక్కబడుతుంది. తిత్తిలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు, అంటే చిన్న కాఫీ గ్లాసులో సగం. అన్నంలో నెయ్యి పడి కడుపులోకి దిగగానే తిత్తి ముడుచుకుంటుంది. రసం సన్నని గొట్టం గుండా పేగులోకి జారి, ఆ నెయ్యిని అరిగించడానికి తోడ్పడుతుంది. ఇది దాని రోజువారీ ఉద్యోగం. రసంలో కొలెస్టరాలు పాలు మించినా, తిత్తి సరిగా ముడుచుకోక రసం నిలవబడినా, అడుగున మడ్డి చేరుతుంది. మడ్డి గట్టిపడి రాయి అవుతుంది. ఇసుక రేణువంత రాళ్లూ ఉంటాయి, పావురం గుడ్డంత రాళ్లూ ఉంటాయి. కొందరికి ఒక్కటే ఉంటుంది, కొందరికి చింతగింజల మూటలా పదులకొద్దీ ఉంటాయి. పురుషులకంటె స్త్రీలలో ఎక్కువ. కాన్పులు, స్థూలకాయం, మధుమేహం, కుటుంబంలో ఇంతకుముందు ఉండడం, తొందరపడి బరువు తగ్గించుకోవడం, ఇవన్నీ కారణాలలో చేరతాయి.

మూత్రపిండం కథ వేరు. మనం తాగిన నీరు రక్తంలో కలిసి అక్కడికే చేరుతుంది, అక్కడినుంచే బయటికి పోతుంది. చిన్న రాయి అయితే ఆ ప్రవాహంలో కొట్టుకుపోవడం కద్దు. ఉలవ కషాయం తాగినవాడు రోజూ చెంబెడు నీళ్లు అదనంగా తాగినవాడే గదా! ఆ నీళ్ల పుణ్యం ఉలవల ఖాతాలో జమ అవుతుంది. అందులో తప్పు పట్టవలసినంత ప్రమాదమూ లేదు. కాని నోటితో తాగినది ఏదీ పైత్యపు తిత్తిలోకి పోదు. అక్కడికి వచ్చేది కాలేయం పంపిన రసమే. అరటి దూట రసం బిందెడు తాగినా ఆ తిత్తి గడప తొక్కదు. మరొక చిత్రం వినండి: ఉలవలు గుర్రానికి ప్రియమైన దాణా. ఆ గుర్రానికి అసలు పైత్యపు తిత్తే లేదు! ఏనుగుకూ లేదు. రెండూ భేషుగ్గా బతుకుతున్నాయి. ఈ సంగతి తరువాత పనికి వస్తుంది, గుర్తుంచుకోండి.

కొండపిండికి పాషాణభేది అని గంభీరమైన సంస్కృత నామం ఉంది. రాయిని భేదించేది అని అర్థం. రణపాలనూ, మరికొన్ని మొక్కలనూ కూడా ఆ పేరుతో పిలుస్తారు. పేరు వింటేనే సగం రాయి కరిగినట్టుంటుంది. అయితే సుశ్రుతుడు అశ్మరి అని వర్ణించినది మూత్రాశయంలోని రాతిని. పైగా ఆ మహానుభావుడు కషాయాలతో సరిపెట్టుకోలేదు. లొంగని రాతిని శస్త్రంతో కోసి తీసే విధానం వివరంగా చెప్పాడు. మన ప్రాచీనుల పేరు చెప్పి కత్తికి భయపడేవారు ఈ ముక్క మరచిపోతుంటారు.

నేను కాపురం ఉండేది దిల్‌సుఖ్‌నగర్. పాఠం చెప్పే కాలేజీ ఎల్.బి.నగర్ దరిని. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ దాకా వచ్చిన తరువాత ఈ నాలుగైదు కిలోమీటర్ల దారి పది నిమిషాల్లో గడుస్తున్నది. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటుతూ కిటికీలోంచి కిందికి చూస్తే కోచింగు సెంటర్ల బోర్డులు, బంగారు కొట్ల బోర్డులు, వాటికి పోటీగా స్కానింగు సెంటర్ల బోర్డులు. లోగడ కడుపునొప్పి వస్తే వాము నమిలి పడుకునేవారు. ఇప్పుడు వీథి మలుపులోనే స్కానింగు. పైత్యపు తిత్తిలో రాళ్లను పట్టడంలో ఆ పరీక్ష చాలా నమ్మకమైనది. సూది లేదు, నొప్పి లేదు, గర్భిణులకు కూడా భయం లేదు. అందువల్ల లోపల నిద్రపోతున్న రాళ్లు కూడా కాగితమ్మీదికి వస్తున్నాయి. కాగితం రాగానే ఇంట్లో అందరికీ నిద్ర పోతుంది.

కొత్తపేట రైతుబజారులో ఒక ఆదివారం, పెసరపప్పు వేసి కూర చేయిద్దామని అరటి దూట బేరమాడుతున్నాను. అమ్మే ఆవిడ నా కడుపువంక జాలిగా చూసింది.

"రాళ్లకా సారూ?"

"కాదమ్మా, కూరకు."

"గట్లనే అంటరు. ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నయన్నరు?"

మిల్లీమీటర్ల లెక్క కూరగాయల గంపదాకా వచ్చిందన్నమాట! పన్నెండున్నాయనుకో అన్నాను. "అయితే నలభై దినాలు తాగాలె" అంది తడుముకోకుండా. పైత్యపు తిత్తిలో అయితేనో అని అడిగాను. "యాడుంటే ఏంది సారూ, రాయి రాయే గద" అంది. ఆవిడను అని లాభం లేదు. ఎం.ఏ. చదివినవారు కూడా ఇదే మాట అంటుండగా విన్నాను.

ఇంతవరకూ చెప్పినవి సాధు వైద్యాలు. మేలు చేయకపోయినా చేటు తక్కువ. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు.

ఎల్.బి.నగర్‌లో మా వదినగారింట్లో జరిగింది. హస్తినాపురంలో ఒక పెళ్లి విందు తిని వచ్చిన రాత్రి ఆవిడకు పొట్ట పైభాగాన పట్టుకుంది. నొప్పి వీపులోకీ, కుడి భుజంలోకీ పాకింది. రెండు వాంతులయ్యాయి. గ్యాసు అన్నారు, సోడా తాగించారు. మూడు గంటలకు దానంతట అదే తగ్గింది. వారం తరువాత స్కానింగులో మూడు రాళ్లు కనిపించాయి. పెద్దది 14 మిల్లీమీటర్లు. నొప్పి వచ్చింది గనుక తిత్తి తీయించుకోవడం మంచిదన్నాడు డాక్టరు. ఆపరేషను మాట వినగానే ఇంట్లో సభ కూడింది. ఆ సభలో ఎవరి ఫోనులోంచో ఒక మహత్తర చిట్కా వెలువడింది. అయిదు రోజులు యాపిలు పళ్ల రసం. ఆరవరోజు తిండి బందు. సాయంత్రం ఎప్సం సాల్టు నీళ్లు, అంటే పూర్వం విరేచనాలకిచ్చే ఉప్పు. రాత్రి పడుకోబోయే ముందు అరసోలెడు ఆలివు నూనెలో నిమ్మరసం గిలక్కొట్టి గుటుక్కున తాగడం. కుడివైపు తిరిగి పడుకోవడం. తెల్లవారేసరికి రాళ్లు బయటికి!

బయటికి వచ్చాయి కూడా. ముప్పయ్యో నలభయ్యో ఆకుపచ్చని ఉండలు, బఠాణీ గింజలంత. వాటిని కడిగి, ఖాళీ జాం సీసాలో వేసి ఫ్రిజ్జులో పెట్టారు. అపార్టుమెంటులో వాళ్లంతా వచ్చి దర్శనం చేసుకున్నారు. "చూశావా మరిదీ, కత్తి లేదు, కుట్టు లేదు" అని వదిన నా ముందు సీసా ఆడించింది. స్కానింగులో మూడుంటే సీసాలోకి నలభై ఎలా వచ్చాయో అడగడానికి నాకు నోరు రాలేదు. ఫార్మసీ చదువుతున్న మా అన్నకూతురు మాత్రం ఊరుకోలేదు. గ్లాసులో వేన్నీళ్లు పోసి రెండు ఉండలు అందులో పడేసింది. పది నిమిషాల్లో ఉండలు మాయమై నీళ్లమీద నూనె తెట్టు తేలింది.

వదినగారికి తెలియని విషయమేమిటంటే, అచ్చంగా ఇదే తతంగం లోకానికి లోగడే తెలుసు. 2005లో లండన్ నుంచి వెలువడే 'లాన్సెట్' వైద్య పత్రికలో న్యూజిలాండు వైద్యులిద్దరు దీన్ని ప్రకటించారు. హామిల్టన్ పట్టణంలోని వైకాటో ఆస్పత్రికి నలభై ఏళ్ల స్త్రీ ఒకరు వచ్చింది. ఆవిడా యాపిలు రసం తాగింది, 600 మిల్లీలీటర్ల ఆలివు నూనె, 300 మిల్లీలీటర్ల నిమ్మరసం తాగింది, ఆకుపచ్చని ఉండలు ఏరి ఫ్రిజ్జులోనే పెట్టుకుని డాక్టర్లకు తెచ్చి చూపింది. వారు పరీక్షించారు. ఉండలలో కొలెస్టరాలు లేదు, పైత్యపు రంగు లేదు, సున్నం లేదు. 40 డిగ్రీల వేడికే పది నిమిషాల్లో కరిగి నూనె అయింది. మూడు వంతులు కొవ్వు ఆమ్లాలే. ఆలివు నూనెలోని ఆమ్లాన్నీ నిమ్మరసాన్నీ కలిపి, కాస్త క్షారం చేర్చితే పరీక్షశాలలోనే అటువంటి ఉండలు తయారయ్యాయి. మన తాతలనాటి భాషలో చెప్పాలంటే అది సబ్బు. తాగిన నూనె పేగులో సబ్బు ఉండలుగా మారి బయటికి వచ్చింది. నూనె ఎంత ఎక్కువ తాగితే అన్ని 'రాళ్లు' పడతాయి. ఈ వైద్యం విఫలమయ్యే అవకాశమే లేదు, చూశారా!

ఇందులో నవ్వుకోవడానికి వీల్లేని భాగం ఒకటుంది. నూనె కడుపులో పడగానే తిత్తి ముడుచుకుంటుందని పైన చెప్పాను. గరిటెడు నెయ్యికే ముడుచుకునేది, అరసోలెడు నూనెకు ఎంత బలంగా పిండుకుంటుందో ఊహించండి. పెద్ద రాయి బయటికి రాలేదు. మూతికి అడ్డంపడి ఇరుక్కుంటుంది. చిన్న రాయి జారి, కాలేయం నుంచి పేగుకు పోయే పెద్ద గొట్టంలో పడుతుంది. ఆ గొట్టం వెడల్పే ఆరు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అక్కడ అడ్డం పడితే కామెర్లు. దాని చివర క్లోమగ్రంథి గొట్టం కూడా వచ్చి కలుస్తుంది. అక్కడ ఆగితే క్లోమం వాస్తుంది, అది ప్రాణంమీదికి వచ్చే జబ్బు. ఇక మధుమేహం ఉన్నవారు ఉపవాసం చేసి విరేచనాల ఉప్పు తాగితే ఏమవుతుందో, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ఆ ఉప్పులోని మెగ్నీషియం ఎంత చెరుపో వేరే చెప్పనక్కరలేదు.

రెండు నెలల తరువాత వదినకు మళ్లీ నొప్పి వచ్చింది. స్కానింగులో మూడు రాళ్లూ యథాస్థానంలోనే ఉన్నాయి, పెద్దది 14 మిల్లీమీటర్లే. ఈసారి సభ కూడలేదు. ఆపరేషను చేయించుకుంది, మూడోనాడు ఇంటికి వచ్చింది.

అయితే ఇన్ని చిట్కాలకు ఇంత కీర్తి ఎలా వచ్చింది? ఈ జబ్బు స్వభావమే అటువంటిది. పైత్యపు రాయి నొప్పి అరగంట నుంచి కొన్ని గంటలపాటు ఉండి తనంతట తనే పోతుంది. మూతికి అడ్డంపడిన రాయి వెనక్కు జరిగిందన్నమాట. మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేము. వారానికి రావచ్చు, ఏడాదికి రావచ్చు. ఆ మధ్యకాలంలో ఏది తాగితే దానికి పేరు వస్తుంది. ఉలవలు తాగినవాడు ఉలవలంటాడు, దేవుడికి మొక్కుకున్నవాడు దేవుడంటాడు.

మరొక తంటా ఉంది. కామెర్లు. చైతన్యపురిలో మా ఎరుకలో ఒక విశ్రాంత హెడ్మాస్టరుగారున్నారు, నల్లగొండ జిల్లా పల్లెటూరివారు. ఆయన తిత్తిలో రాళ్లున్నట్టు ముందు ఏడే స్కానింగులో తేలింది. బాధ లేదు గనుక ఊరుకున్నారు. అందులో తప్పేమీ లేదు. ఒకనాడు కళ్లు పచ్చబడ్డాయి. "కామెర్లకు ఇంగ్లీషు మందు లేదు" అన్న మాట మన జిల్లాలన్నింటా వేదవాక్యం. ఆయన స్వగ్రామం వెళ్లి పసరు పోయించుకున్నారు. పరగడుపున పసరు, మజ్జిగన్నం పథ్యం. ఒళ్లంతా దురదలు. పథ్యం సరిగా చేయలేదని ఇల్లాలిని కోప్పడ్డారు. తొమ్మిదో రోజు రాత్రి చలిజ్వరం. మంచం కదిలిపోయేటంత వణుకు. తెల్లవారేసరికి మాట తడబడింది. కారులో వేసుకుని నగరానికి తెచ్చారు.

గొట్టంలో రాయి అడ్డంపడి, నిలిచిన పైత్యం చీము పట్టి, విషం రక్తంలోకి ఎక్కింది. నోటిగుండా సన్నని గొట్టం పేగుదాకా పంపి, పైత్యపు గొట్టం మూతిని కాస్త చీల్చి, చిన్న తీగబుట్టతో రాయిని లాగారు. ఆ చీల్చే విద్య 1974 నుంచి లోకంలో ఉన్నదే. మన హైదరాబాదు ఈ ఎండోస్కోపీ విద్యకు పేరెన్నికగన్న ఊరు. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించిన దువ్వూరు నాగేశ్వరరెడ్డిగారికి 2025లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఇంతటి విద్య గంట ప్రయాణంలో ఉండగా తొమ్మిది రోజులు పసరులో గడిచాయి. హెడ్మాస్టరుగారు పందొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడ్డారు. ఊళ్లో ఉన్న ఎకరంన్నర పొలం పోయింది. చూడడానికి వెళితే ఆయన అన్నమాట: "పసరు మంచిదేనయ్యా. నాకు వచ్చిన కామెర్లే సరయినవి కావు."

ఆ మాటలో ఆయన ఉద్దేశించని సత్యం ఉంది. కామెర్లు ఒక జబ్బు కాదు, అనేక జబ్బుల పసుపు జెండా. మనకు సాధారణంగా వచ్చేవి కలుషితమైన నీటివల్ల వచ్చే వైరస్ కామెర్లు. అవి చాలామందిలో కొద్ది వారాల్లో వాటంతట అవే పోతాయి. నేల ఉసిరి మింగినా పోతాయి, మింగకపోయినా పోతాయి. పసరుకు కీర్తి తెచ్చింది అవే. గొట్టం అడ్డంపడి వచ్చే కామెర్లు వేరు. మూత్రం టీ డికాక్షను రంగులో ఉంటుంది, మలం సుద్దలా తెల్లబడుతుంది, దురద పుడుతుంది. దానికి నొప్పి, చలిజ్వరం కూడా తోడయితే ఒక్క రాత్రి కూడా ఆగరాదు. చేతిమీద వాత పెట్టించుకుంటే గొట్టంలో రాయికి కాలదు.

మరి చేయవలసిందేమిటి? ఇక్కడే చాలామందికి ఆశ్చర్యం కలిగించే మాట ఒకటి చెప్పాలి. స్కానింగులో రాళ్లు కనిపించినా, ఎన్నడూ నొప్పి రానివారు చేయవలసింది సాధారణంగా ఏమీ లేదు. కషాయమూ వద్దు, కత్తీ వద్దు. అటువంటివారిలో ఏడాదికి నూటికి ఒకరిద్దరికే బాధ మొదలవుతుంది. ఎక్కువమంది ఆ రాళ్లతోనే ముసలివారయి, వేరే కారణాలతో పోతారు. మరీ పెద్ద రాయి ఉన్నవారు, తిత్తి గోడ సున్నం పట్టినవారు, అందులో పిలకలు పెరిగినవారు వంటి కొందరి విషయం వేరు. వాళ్లు డాక్టరుతో మాట్లాడుకోవాలి. మిగతావారిని "ఇవాళే చేరండి, లేకపోతే పగులుతుంది" అని బెదిరించే ఆస్పత్రి ఏదైనా ఎదురయితే, కాగితాలు తీసుకుని మరొక డాక్టరు దగ్గరికి పోవడమే. చిట్కా వైద్యుడికీ, తొందరపడే ఆస్పత్రికీ పెట్టుబడి ఒకటే, మన భయం.

కరిగించే మాత్రలు లేవా అంటే ఉన్నాయి. వాటి పుట్టుక సరదాగా ఉంటుంది. చీనా దేశంలో ఎలుగుబంటి పైత్యాన్ని శతాబ్దాలుగా మందుగా వాడారు. ఆ పైత్యంలోని ఒక ఆమ్లాన్ని శాస్త్రజ్ఞులు వేరుచేసి, ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లమన్నారు. లాటిన్‌లో ఉర్సస్ అంటే ఎలుగుబంటి. ఇప్పుడు ఎలుగు ప్రమేయం లేకుండా కర్మాగారాలలోనే తయారవుతున్నది. నాటు వైద్యంలో సరుకుంటే శాస్త్రం దాన్ని కాదనదు అనడానికి ఇది చాలు. కాని ఈ మాత్ర కరిగించేది సున్నం పట్టని చిన్న కొలెస్టరాలు రాళ్లనే. నెలల తరబడి, ఒక్కోసారి రెండేళ్లు మింగాలి. ఆపిన తరువాత అయిదేళ్లలో సగంమందికి మళ్లీ పుడతాయి. మనకు మరో వింత: ఆవు తిత్తిలో పుట్టే రాయే గోరోచనం. పసిపిల్లలకు అరగదీసి నాకించేవారు గదా, అదే! గోవు రాయికి బంగారం ధర, మన రాయికి దిక్కులేదు. పొగరుబోతును 'గోరోజనం ఎక్కువ' అని ఎందుకంటామో భాషావేత్తలు వేరే విచారించాలి.

నొప్పి ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం మెండు. వారికి నిలకడైన వైద్యం తిత్తిని తీయించుకోవడమే. రాళ్లను మాత్రం ఏరి తిత్తిని ఉంచరాదా అని అడుగుతారు. రాళ్లను తయారుచేసేదే ఆ తిత్తి. ఉంచితే మళ్లీ చేస్తుంది. 1882 జులై 15న బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ అనే సర్జను మొట్టమొదటిసారి తిత్తిని మొత్తంగా తీసివేశాడు. ఏనుగువంటి జంతువులకు ఆ తిత్తి లేదన్న సంగతి అతనికి ధైర్యమిచ్చింది. తరువాత నూరేళ్లపాటు పొట్టమీద జానెడు కోతతోనే ఆ ఆపరేషను జరిగింది. మన పెద్దవాళ్లు భయపడుతున్నది ఆ కోతకే. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె దాన్ని చిన్న రంధ్రాల గుండా చేసి చూపాడు. మన దేశంలో 1990లో బొంబాయిలో తెహంటన్ ఉద్వాడియా చేశాడు. ఇప్పుడు మూడు నాలుగు చిన్న గాట్లు, ఒకటి రెండు రాత్రుల ఆస్పత్రి వాసం. ఉస్మానియా, గాంధీ ఆస్పత్రులలో కూడా చేస్తారు. అపాయమే లేదని చెప్పను. వెయ్యిమందిలో ముగ్గురు నలుగురికి పైత్యపు గొట్టానికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. అందుకే చేసే సర్జను ఎన్ని చేశాడో అడగడం తప్పు కాదు, మర్యాద తక్కువా కాదు.

"మత్తు ఇస్తే లేస్తానో లేదో" అని బెంగపడే తల్లులకు మన ఊరి సంగతే ఒకటి చెప్పాలి. లాంగెన్‌బుక్ ఆపరేషను జరిగిన ఆరేడు సంవత్సరాలకే, 1888-89లలో, హైదరాబాదులో క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో ఎడ్వర్డ్ లారీ అనే దొర పూనుకోగా, రెండవ కమిషన్‌కు ఆరవ నిజాం ఖర్చు పెట్టుకున్నాడు, ఇదే లాన్సెట్ పత్రిక లండన్ నుంచి వైద్యుణ్ణి పంపింది. క్లోరోఫారం గుండెకు చెరుపు చేయదు, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునని వారు తేల్చారు. అది సరికాదని, గుండెకూ ముప్పేనని తరువాత రుజువయింది, క్లోరోఫారం మూలబడింది. ఇప్పటి మత్తుమందులు వేరు. వేలికి తగిలించిన చిన్న క్లిప్పు క్షణక్షణం రక్తంలో ప్రాణవాయువును చెబుతూ ఉంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. పొట్ట పైభాగాన నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే అది రాయో గ్యాసో అని ఇంట్లో తర్కించుకుంటూ కూర్చోరాదు. గుండెపోటు కూడా ఆ వేషంలో వస్తుంది. ముందు ఆస్పత్రి, తరువాత తర్కం.

ఇక కొత్తగా రాళ్లు పుట్టకుండా ఏంచేయాలంటే పెద్ద రహస్యాలేమీ లేవు. మా హాస్టలు ఆడపిల్లలు పొద్దున టిఫిను మానేసి, నెలకు ఎనిమిదేసి కిలోలు తగ్గాలని పస్తులుంటారు. తిత్తి ఖాళీ కాక రసం నిలవబడడానికి అంతకన్న దగ్గరి దారి లేదు. బరువు తగ్గవలసినవారు నెమ్మదిగా తగ్గాలి, వేళకు తినాలి. ఉలవచారు ఇష్టమైతే హాయిగా తినండి. రాయికోసం కాదు, రుచికోసం.

కొత్తపేట పాత పండ్ల మార్కెటు వైపు వెళితే నాకు ఈ విషయమంతా గుర్తుకు వస్తుంది. యాపిళ్లు, బత్తాయిలు లారీలకొద్దీ దిగిన ఆ గడ్డిఅన్నారం మార్కెటు 2021-22లలో బాటసింగారానికి తరలిపోయింది. ఆ స్థలంలో ప్రభుత్వ పెద్దాస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.

ఆపరేషను అయినవారు అందరూ అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. తిత్తి పోయాక ఏం తినాలి? రసం కాలేయం నుంచి నేరుగా పేగులోకే పోతుంది గనుక, గుర్రంలా మామూలుగానే బతకవచ్చు. కొందరికి కొన్ని వారాలు విరేచనం పలచగా అవుతుంది, సర్దుకుంటుంది. మొదట్లో నూనె వంటలు కాస్త తగ్గించమంటారు. మా వదిన డాక్టరుగారిని ఆవకాయ సంగతి మూడుసార్లు అడిగింది. నెల తరువాత తినవచ్చునన్నాడు. ఆవిడ లెక్కప్రకారం అది ఇరవై ఆరు రోజులకే అయింది.